లెసన్ ప్లాన్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ లెసన్ ప్లాన్ గారికి,

నమస్కరించి వ్రాయునది. నేను పొద్దున కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ, మధ్యాహ్నం బడిలో టీచర్ ట్రైనింగ్ వెలగబెడుతున్న విద్యార్థినిని. రాత్రి నిద్ర మాత్రం తమరికే అంకితం.

తమరిది పెద్ద వంశం. జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ శిష్యులు 19వ శతాబ్దంలో పాఠం చెప్పడానికి వేసిన ఐదు సోపానాల మీద తమరు ఇప్పటికీ కొలువుతీరి ఉన్నారు. ఎడమ గడిలో ఉపాధ్యాయుని చర్య, కుడి గడిలో విద్యార్థుల చర్య. నన్ను అబ్బురపరిచేది ఆ కుడి గడే. ఇంకా మొహమైనా చూడని పిల్లలు రేపు ఏం జవాబు చెబుతారో ఇవాళే రాసేయాలి. అందరూ సరైన జవాబే చెబుతారు, అదీ 'ఆసక్తిగా' చెబుతారు. జాతకాలు రాసేవాళ్లకైనా కాస్త జంకు ఉంటుందండీ!

మొన్న, ఎండాకాలం ఎందుకొస్తుందని అడిగాను. తమరి లెక్క ప్రకారం 'భూమి అక్షం వంగి ఉండటం వల్ల' అనాలి. "భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి" అన్నారు పిల్లలు ముక్తకంఠంతో. అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో అన్నాను. "మరి జనవరిలో ఇక్కడ చలెందుకు టీచర్?" అందో అమ్మాయి. "దక్షిణార్ధగోళంలో జనవరి ఎండాకాలమేగా!" అన్నాడు వెనక బెంచీ వాడు. ఒకే దూరం, అక్కడ ఎండ, ఇక్కడ చలి! అసలు పాఠం అక్కడ మొదలైంది. తమరి ఖాతాలో మాత్రం అప్పటికే 'ప్రేరణ: 5 నిమిషాలు' చెల్లిపోయింది.

ప్రశ్న వేశాక టీచర్లు ఒక సెకనుకు మించి ఆగరనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే తేల్చి చెప్పింది. ఆ మూడు సెకన్ల మౌనాన్ని ఏ గడిలో రాయాలని సూపర్‌వైజర్ గారిని అడిగితే, "రిమార్క్స్‌లో పడెయ్యమ్మా" అన్నారు.

తమరి అన్నగారు డిగ్రీ సిలబస్ కూడా తక్కువేం కాదు. పాక్షిక అవకలనాలు నేర్పారు. 1/2కి 1/3 కలిపితే 2/5 అనే పిల్లాడి తలలో ఏముందో నేర్పలేదు. వాడు చెప్పాడు: రెండు ప్రశ్నల్లో ఒకటి రైటు, మూడింట్లో ఒకటి రైటు, మొత్తం అయిదింట్లో రెండు. వాడి లెక్క వాడికి ఉంది! అది భిన్నాల కూడిక కాదని చూపించడానికే ఒక పీరియడ్ కావాలి. తప్పు జవాబులకు తమరి దగ్గర గడే లేదాయె.

రేపటి పాఠం రుణసంఖ్యల గుణకారం. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అంటే 'విద్యార్థులు అంగీకరిస్తారు' అని కుడి గడిలో రాసి సంతకానికి పంపాను. అంగీకరించరని నా గట్టి నమ్మకం. ఆ గొడవకు కావలసిన పది నిమిషాలు 'పునశ్చరణ' లోంచి లాగేసుకుంటున్నాను. తమరు చూసీచూడనట్టు పోగలరు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
ఒక సగం టీచరు