ఎండాకాలంలో లిథియం గోళీ

పోయిన ఏప్రిల్‌లో మా బావ చేతిలో చాయ్ గ్లాసు నిలవలేదు. సగం లుంగీ మీదే ఒలికింది. మాట తడబడింది, రెండుసార్లు వాంతయింది. పరకాల దగ్గర కల్లంలో మూడు రోజులుగా మిర్చి ఆరబోస్తున్నాడు కదా, అందరూ ఎండదెబ్బే అనుకున్నారు. వరంగల్‌కు తెచ్చి రక్తపరీక్ష చేయిస్తే, మనసు ఒకసారి ఉప్పొంగి, ఒకసారి కుంగిపోయే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం హద్దు దాటిందని తేలింది. రోజూ వేసుకునే గోళీలే, ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోలేదు.

లిథియం కూడా ఒక ఉప్పే. కిడ్నీలు దాన్నీ సోడియంనూ దాదాపు ఒకేలా చూస్తాయి. చెమటతో నీరు, ఉప్పు పోతే కిడ్నీలు సోడియంను పట్టి ఉంచుతాయి, దాంతో లిథియం కూడా ఒంట్లోనే ఆగిపోతుంది. పైగా బావ నడుము నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ తీసుకున్నాడు. ఆ రకం నొప్పి గోళీలు కూడా లిథియంను బయటికి పోనివ్వవు. ఈ గోళీ వాడేవాళ్ల రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమే. సందు అంత ఇరుకు.

ఊళ్లో వీటిని మత్తు గోళీలంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. లిథియం పని మత్తు పెట్టడం కాదు. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ దీని గుణం లోకానికి చెప్పాడు. మెదడు కణానికి కబురు అందగానే దాన్ని లోపలికి చేరవేసే రసాయనాలుంటాయి. అందుకు కావాల్సిన ఇనోసిటాల్ అనే పదార్థాన్ని మళ్లీ తయారు చేసే ఎంజైమ్‌ను లిథియం అడ్డుకుంటుంది. కబుర్లు హోరెత్తే చోట హోరు తగ్గుతుందని శాస్త్రవేత్తల వివరణ. జీఎస్‌కే-3 అనే ఇంకో ఎంజైమ్‌నూ అణిచిపెడుతుంది. ఇదే జబ్బుకు వాడే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ దారి వేరు, అది మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది. లిథియం తెచ్చే మార్పులకు వారాలు పడుతుంది. మొదటి నాలుగు రోజుల్లో గుణం కనిపించలేదనో, బాగయ్యిందనో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

బావకు రెండేళ్లుగా చీటీ రాస్తున్నారు. నీళ్ల సంగతి, నొప్పి గోళీల సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఎండలో పనిచేసే మనిషికి లిథియం రాసేటప్పుడు ఆ రెండు మాటలూ చీటీ మీద తెలుగులో రాసివ్వాల్సిందే. బీపీ ఉందని ఉప్పు ఒక్కసారిగా మానేయొద్దనీ చెప్పాలి.

ఇప్పుడు కల్లానికి పోతే అక్క రెండు పెద్ద సీసాల నీళ్లు కట్టిస్తుంది. నొప్పికి డాక్టర్ చెప్పిన పారాసెటమాల్ ఒక్కటే. రక్తపరీక్ష తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది.