రేడియో జీరోలో పెట్టి శాన్ ఆండ్రియాస్ ఆడతాడంట!

ఇప్పుడే అక్కావాళ్లింటి నుంచి వచ్చా. అక్క చేపల పులుసు పెడితే రెండు ముద్దలు కూడా దిగలేదు, అంత మండిపోతా ఉంది నాకు.

మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ ఫస్టియర్. శాన్ ఆండ్రియాస్ అంటే జీటీఏ సిరీస్‌లో పాత వీడియో గేమ్, అందులో కారెక్కితే రేడియోలో పాటలొస్తయి. నా దగ్గరున్న ఆ గేమ్ పాత డీవీడీ, ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేకపోతే ఫ్రెండ్‌ని బతిమాలి బయట పెట్టే డ్రైవ్ తెచ్చి మరీ, పోయిన నెల నేనే వాడికి ఎక్కించి ఇచ్చా. ఇవాళ వాడు ఆడతా ఉంటే ఆహా మేనల్లుడంటే వీడ్రా అనుకుని కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నా. కారెక్కాడు. హీరో ఉండే గ్రోవ్ స్ట్రీట్ దాటాడు. ఒక్క పాట లేదు. ఏరా స్పీకర్లు పోయినయ్యా అంటే "లేదు మావయ్యా, రేడియో వాల్యూమ్ జీరోలో పెట్టా, ఆ పాటలు డిస్టర్బెన్స్" అన్నాడు. డిస్టర్బెన్స్ అంట! చెవుల్లో బడ్స్, ఫోన్‌లో ఏదో లోఫై అని మెల్లగా సాగే మ్యూజిక్, వెనకాల వర్షం చప్పుడు. గేమ్‌లో లాస్ ఏంజెలెస్‌ని చూసి కట్టిన లాస్ శాంటోస్ ఊళ్లో ఎండ కాస్తుంటే వీడికి వర్షం కావాలి.

రేయ్, ఆ కథ జరిగేది 1992లో. లాస్ ఏంజెలెస్ తగలబడిన ఏడాది అది. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసుల్ని కోర్టు వదిలేస్తే ఊరు ఊరంతా రోడ్డెక్కింది, గేమ్ చివర్లో టెన్‌పెన్నీ అనే అవినీతి పోలీసుని వదిలేశాక జరిగే గొడవలన్నీ దాన్నుంచి వచ్చినవే. అక్కడి కుర్రాళ్ల కార్లల్లో అప్పుడేం మోగేదో గేమ్‌లో రేడియో లాస్ శాంటోస్ అనే స్టేషన్లో అదే మోగుద్ది, అంతా ర్యాప్, టూపాక్, డాక్టర్ డ్రే, ఐస్ క్యూబ్, సైప్రస్ హిల్. మధ్యలో మాట్లాడే జూలియో జీ నిజంగానే ఆ ఊరి రేడియో డీజే. ప్లేబ్యాక్ ఎఫ్ఎమ్ అనే ఇంకో స్టేషన్లో గొంతు పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ గ్రూపు చక్ డీది. హీరో సీజేకి డబ్బింగ్ చెప్పిన యంగ్ మేలే ర్యాపరే, మ్యాడ్ డాగ్ అనే పాత్రకి ఇంకో ర్యాపర్ ఐస్-టీ. ఇంకోటి చెప్తే వాడు నా మొహం మీదే ఆవలించాడు, టోపీ కళ్లద్దాలు పెట్టుకుని తిరిగే సీజే ఫ్రెండ్ రైడర్ ఉన్నాడు కదా, వాడికి గొంతిచ్చింది ఎమ్‌సీ ఐట్, కాంప్టన్స్ మోస్ట్ వాంటెడ్ అనే ర్యాప్ గ్రూపాయన. ఆ గ్రూపు పాట అదే రేడియోలో వస్తది. అంటే పక్క సీట్లో రైడర్ నిన్ను తిడతా ఉంటాడు, రేడియోలో కూడా వాడి గొంతే పాడతా ఉంటది. దీన్ని జీరోలో పెట్టాడు వెధవ.

సరే నీ పాటలే కావాలా, దానికీ దారి పెట్టార్రా ఆ మహానుభావులు. యూజర్ ట్రాక్స్ అని ఫోల్డర్ ఉంటది, ఎమ్‌పీ3లు అందులో పడేస్తే మధ్యలో యాడ్స్ కూడా కలిపి గేమే రేడియోలాగా వేసేది. మా ఫ్రెండ్ ఒకడు అందులో మొత్తం చిరంజీవి పాటలు నింపి లోరైడర్‌లో, అదే నేలకి ఆనుకుని పోయే కారులో, తిరిగేవాడు, అది వేరే సంగతి, కనీసం వాడు రేడియోని గౌరవించాడు.

ఈ పాటలు ఎక్కడా వెనకాల ఊరికే మోగడానికి పెట్టినవి కాదు. నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2 అనే కారు రేసుల గేమ్‌లో డోర్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 1971 పాటని ర్యాపర్ స్నూప్ డాగ్‌తో మళ్లీ చేయించి పెడితే, అది వింటా కారు కింద నియాన్ లైట్ల రంగు మారుస్తా గంట కూర్చున్నవాళ్లు చేతులెత్తండి. రేసు మొదలెట్టింది లేదు. అంతకుముందు 2003 అండర్‌గ్రౌండ్‌లో ర్యాపర్ లిల్ జాన్ పాటకి బూతులు కోసేస్తే మిగిలిన ముక్కలే మాకు కంఠతా వచ్చు, పెద్దయ్యాక అసలు పాట విని అమ్మో ఇది అమ్మ ముందు పాడానా అనుకున్నా.

కంపెనీవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో ఉన్న శాన్ ఆండ్రియాస్‌కి అప్‌డేట్ అని పెట్టి లైసెన్సు అయిపోయిన పాటలు పీకేశారు, ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ గ్రూపు పాట పోయింది, టూపాక్‌ది పోయింది. 2018లో అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన జీటీఏ 4కి అదే పని, పదేళ్లకే లైసెన్సు తీసుకున్నారంట. ఫ్లాట్ అమ్మి పదేళ్ల తర్వాత వచ్చి కిటికీలు పీక్కెళ్లే బిల్డర్ని ఎక్కడన్నా చూశారా? అందుకే కదా ఆ పాత డీవీడీని నేను బీరువాలో బంగారం పక్కన దాచుకుంది.

నేను ఇదంతా గొంతు చించుకుని చెప్తా ఉంటే మా బావ వచ్చాడు, లుంగీ పైకి కట్టుకుని, మామిడికాయ ముక్క నములుకుంటా. "ఆ బూతు గోల ఎందుకు బామ్మర్దీ, వాడిష్టం వచ్చినట్టు ఆడుకోనీ" అన్నాడు.

ఈయన! ఈయనా నాకు చెప్పేది!

2006, నా టెన్త్ పరీక్షలు అయిపోయినయ్. బావ గుంటూరు నుంచి నాకు శాన్ ఆండ్రియాస్ తెచ్చాడు, మార్కర్‌తో పేరు రాసిన ఒకే ఒక్క సీడీ. డీవీడీ పట్టే గేమ్ ఒక్క సీడీలో ఎట్లా పట్టిందో అడిగే తెలివి నాకు లేదు. సైజు తగ్గించడానికి రేడియో మొత్తం లేపేసిన కాపీ అది. కారెక్కితే స్టేషన్ పేరు పడుద్ది, మౌస్ చక్రం తిప్పితే ఇంకో పేరు పడుద్ది, చప్పుడు మాత్రం ఉండదు. ఏంది బావా ఇది అంటే "ఇండియా వెర్షన్‌రా, మనకి రేడియో పర్మిషన్ లేదు" అన్నాడు. నమ్మా! రెండేళ్లు నమ్మా! ఉత్త ఇంజిన్ చప్పుడు వింటా గేమ్‌లో ఇంకో ఊరు శాన్ ఫియెరో దాకా పోయా, ఎడారి దాటా, గేమ్ అయిపోగొట్టా. ఇంటర్ సెకండియర్‌లో ఫ్రెండ్ వాళ్లింట్లో కారెక్కగానే పాట మోగింది, నేను స్పీకర్ల వంక చూశా, తర్వాత వాడి వంక చూశా. ఆ రాత్రి ఒక్క మిషన్ చెయ్యలేదు, బీచ్ దగ్గర కారాపి స్టేషన్లు తిప్పుతానే ఉన్నాం.

ఇందాక బండి తీసేటప్పుడు అడిగా, బావా ఆ ఇండియా వెర్షన్ సంగతి గుర్తుందా అని. "ఏ వెర్షన్?" అన్నాడు.

మళ్లీ లోపలికెళ్లా, హెల్మెట్ మర్చిపోయానని చెప్పి. మేనల్లుడు బాత్రూమ్‌లో ఉన్నాడు. గేమ్‌లో రేడియో, ల్యాప్‌టాప్ వాల్యూమ్, రెండూ ఫుల్లు పెట్టి వచ్చా. వాడు రోజూ ఆడేది రాత్రి ఒంటిగంటకి, మా బావ పడుకునేది పక్క గదిలోనే.