మెడ బిళ్లలన్నీ టీబీ కావు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మెడలో బిళ్ల కడితే అది టీబీయేనట, ఆరు నెలల మందులు చాలట. పరీక్ష కోసం ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందట. క్యాన్సరే అయితే కీమో తట్టుకోలేరు, హెచ్‌ఐవీ మందులూ ఆపాలి, డబ్బు దండగ అని కూడా అందులో ఉంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీబీ ఎక్కువన్నది నిజమే. కానీ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ కూడా వాళ్లకు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా వస్తుంది. రెండింటిలోనూ జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. చేత్తో తడిమి ఏదో తేల్చలేం. సూది పరీక్షలో టీబీ దొరకవచ్చు, లింఫోమా రకం తేలాలంటే మాత్రం వీలైతే బిళ్ల మొత్తం తీసి పరీక్షించాలి. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. బర్కిట్ అనే లింఫోమా రకమైతే రోజుల్లోనే పెరిగిపోతుంది, దాని ముందు ఆరు నెలలు ఆగడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. టీబీ మందులు వాడుతున్నా బిళ్ల తగ్గకపోతే బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) గురించి డాక్టర్‌ను గట్టిగా అడగండి. ఊళ్లో స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే బిళ్ల కొన్నాళ్లు కరిగినట్టు కనిపించి, తర్వాత చేసే బయాప్సీనీ తప్పుదారి పట్టిస్తుంది. ఆ పని దయచేసి చేయకండి.

ముక్క తీస్తే లింఫోమా పాకదు. ఆ భయంతో ఆగితేనే ముదురుతుంది.

కీమో మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. హెచ్‌ఐవీ మందులు క్రమంగా వాడేవాళ్లలో చాలామందికి పూర్తి కీమో ఇవ్వగలుగుతున్నారు, నయమవుతున్నవాళ్లూ ఉన్నారు. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాలు తక్కువైతే జాగ్రత్తలు పెరుగుతాయి, అంతేగానీ వైద్యం మానరు. హెచ్‌ఐవీ మందులు ఆపకూడదు, అవసరమైతే మారుస్తారు. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు రక్తకణాలను తగ్గిస్తుంది. రిటోనావిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందుతో కలిస్తే విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు నరాలను దెబ్బతీయవచ్చు. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుతో ఈ చిక్కు తక్కువ. లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్ మందు ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

అందుకే క్యాన్సర్ డాక్టర్ దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాచకండి. నలుగురికీ తెలుస్తుందన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని, అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం నిషేధిస్తోంది.

ఇక ఖర్చు. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లలో హెచ్‌ఐవీ మందులు 2004 నుంచి ఉచితం. క్యాన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఏఆర్‌టీ బుక్, వాడే మందులన్నీ, బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.