రోలరెందుకు, మీరున్నారుగా!

మా తిరుపతిలో రోడ్డు పనులు కొత్త పుంతలు తొక్కుతున్నాయి. పైపు కోసం వీధి నడిమధ్యన తవ్వుతారు. పైపు పెట్టాక తవ్విన మట్టే గాడిలో పోసి, పైన గట్టులా వదిలేసి వెళ్లిపోతారు. "రోలరు ఎప్పుడొస్తుందన్నా?" అంటే మేస్త్రీది ఒకటే జవాబు: "రోలరెందుకు సార్, బండ్లు తిరిగితే అదే సర్దుకుంటాది."

ఆహా! 1865లో ఇంగ్లండులోని రోచెస్టర్‌లో థామస్ అవెలింగ్ అనే ఆయన ఆవిరి రోలరు తయారుచేశాడు. బొగ్గు, బాయిలరు, టన్నుల కొద్దీ ఇనుము, ఎంత అవస్థ! పాపం, ఆయనకు మనలాంటి జనం దొరకలేదు.

లెక్క వేద్దాం. కంకర తొక్కే మూడు చక్రాల రోలరు 8 నుంచి 10 టన్నులుంటుంది. స్కూటరు, దాని మీద మొగుడూ పెళ్లాం, ముందు నిలబడ్డ పిల్లోడు, హుక్కుకు తగిలించిన కూరగాయల సంచి, అంతా కలిపి 300 కిలోలనుకుందాం (మా వీధివాళ్లం కాస్త బొద్దుగానే ఉంటాం లెండి). అంటే 33 స్కూటర్లు ఒకేసారి, ఒకే చోట, గంటకు 5 కిలోమీటర్లు దాటకుండా పోవాలి. ముందు అంచులు తొక్కి, తర్వాత మధ్యకు రావాలి. అదీ పద్ధతి. చక్రాలకు తారు అంటకుండా తడుపుతూ ఉండాలి కాబట్టి కొళాయి వచ్చే టైముకు పెట్టుకుంటే మంచిది.

రోలర్లను పట్టించుకున్నది బొమ్మల వాళ్లే. లెస్నీ అనే ఇంగ్లండు కంపెనీ 1948లో చేసిన మొదటి బొమ్మ బండి రోడ్డు రోలరే. 1953లో అదే కంపెనీ మ్యాచ్‌బాక్స్ పేరుతో అగ్గిపెట్టెంత బండ్లు మొదలుపెడితే ఒకటో నంబరూ దానిదే. 'బాబ్ ద బిల్డర్' కార్టూన్‌లోనైతే రోలీ అని ఆకుపచ్చ రోలరుంది. దానికి కళ్లు, నోరు, తోడుగా ఒక పిట్ట. పని ఉంటే వస్తుంది, చేస్తుంది. మా మనవడు టీవీ చూస్తూ "తాతా, రోలీ మన వీధికి ఎప్పుడొస్తాది?" అని అడుగుతాడు. టెండరంటే ఏమిటో నాలుగేళ్లవాడికి ఏం చెప్పను?

నిజం రోలరు కూడా ఒకసారి వచ్చిందండోయ్. శంకుస్థాపన రోజు. ట్రెయిలరు మీద ఊరేగుతూ వచ్చి షామియానా పక్కన దిగింది. ముందు చక్రానికి నామం పెట్టాలని ఒకరు, గంగమ్మ ఊరు కాబట్టి పసుపు కుంకుమ పెట్టాలని ఇంకొకరు వాదనకు దిగారు. ఎండ ముదిరాక రాజీ కుదిరింది: ముందు చక్రానికి నామం, వెనక చక్రాలకు పసుపు. గుమ్మడికాయ పగిలింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాయకుడు దండతో సహా డ్రైవరు సీటెక్కి, ఫొటోల కోసం ఇక దిగలేదు. అసలు డ్రైవరు మెట్టు మీద వేలాడుతూ, నాయకుడి చంక కింద నుంచి చెయ్యి దూర్చి గేరు వేశాడు. "గోవిందా గోవింద!" రోలరు రెండు బారలు కదిలింది. టప్, టప్. చప్పట్లు. మళ్లీ ట్రెయిలరెక్కి రేణిగుంట వైపు వెళ్లిపోయింది, అక్కడింకో శంకుస్థాపనట. ఆ రోజు మా వీధిలో నలిగినవి నిమ్మకాయలే. చాలా బాగా నలిగాయి, క్వాలిటీకి వంక పెట్టలేం.

తారు కంకర లారీ ఆ తర్వాత వచ్చింది. కంకరను వేడి మీదే తొక్కాలి, చల్లారితే ఏనుగు తొక్కినా బిగవదు. తొక్కాల్సింది వెళ్లిపోయింది. మిగిలింది కూలీలు. ఆడవాళ్లు హవాయి చెప్పుల మీద గోనెపట్టలు చుట్టి, పురికొసతో బిగించుకుని, పొగలు కక్కే కంకరను తట్టలతో మోశారు. మగవాళ్లు దిమ్మిసతో కొట్టారు. ఒకామె చెప్పు తారుకు అంటుకుని ఊడిపోయింది. మే నెల, మిట్ట మధ్యాహ్నం. ఆమె ఒంటికాలి మీద నిలబడి ఆ చెప్పును పీక్కుంటోంది, తల మీద తట్ట అలాగే ఉంది. రోలరుకు దండలేసిన పెద్దమనుషులారా, దండల డబ్బుతో ఈమెకో జత బూట్లు వచ్చేవి కదయ్యా! ఇనుముకు బొట్టు పెట్టిన చేతులకు మనిషి కాలు కనపడదా? సిగ్గనిపించదా?

కార్తీకంలో వాన పడగానే కంకరంతా లేచిపోయింది. పక్కింటి పెద్దావిడ కొడుకు స్కూటరు మీద వెనక కూర్చుని వస్తూ ఆ గాడిలోనే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. 1944లోనే తిరుమల కొండకు, అన్ని మలుపులతో, ఘాట్ రోడ్డు వేశారు. కొండ కింద, చదును నేల మీద, ఒక్క గాడి పూడ్చడం చేతకాలేదు. చేతకాక కాదు. అక్కర్లేక.

అంచనాల్లో రోలరు అద్దె గంటల లెక్కన ఉంటుంది. మా వీధికి ఎన్ని గంటలు రాసుకున్నారో చెప్పమని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 నాటి చట్టం చెబుతోంది. ఆ అంకె వచ్చాక అదే రేటుకు మా వీధివాళ్లమంతా బిల్లు పెడతాం. తొక్కింది మేమే కదా. పెట్రోలు ఖర్చు అదనం.