మా బడి ఇనప చువ్వలకు ఒక బహిరంగ లేఖ

విజయనగరం జిల్లా,
బడి వరండా నుంచి.

మహారాజశ్రీ ఇనప చువ్వల గార్లకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, వరండాలో కూర్చుంటే, సగంలో ఆగిన గదుల పిల్లర్ల మీద రోజూ కనిపిస్తూనే ఉన్నారు. కాస్త తుప్పు పట్టారు. ఇసక ట్రాక్టరు రివర్సులో వచ్చి తగిలినందుకు ఒకరు పడమటికి ఒరిగారు. మిగతా అందరూ, డ్రిల్లు మాస్టారు అటెన్షన్ చెప్పి స్టాండెటీజ్ చెప్పడం మర్చిపోయి ఇంటికెళ్లిపోయినట్టు, నిటారుగా నిలబడి ఉన్నారు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, మన బడి గురించి రాయదగ్గవాళ్లలో చిరునామా మారనిది మీరొక్కరే. నేను రాసేలోపు ఆఫీసర్లు బదిలీ అయిపోతున్నారు. టీచర్లూ అవుతున్నారు. ఆఖరికి తరగతులు కూడా బదిలీ అయ్యి, మళ్లీ సొంతూరికి వచ్చాయి. మీరు మాత్రం వేసిన చోటే ఉన్నారు. పైగా ఈ ఉత్తరాన్ని ఇంకెవరికో ఫార్వర్డ్ చెయ్యరు.

మీరొచ్చేసరికే ఈ స్థలంలో రెండు గదులున్నాయి. వాటి సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని పెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్లా పటాలూ ఉండాలంది. మా పెద్ద గది ఆ కాలం నాటిది. రెండోది డీపీఈపీ గది, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం కింద కట్టింది. 1996లో ఆ పథకం మన రాష్ట్రంలో ముందుగా మొదలైన అయిదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. గోడ పెచ్చు ఊడిన చోట, ఏడెనిమిది పొరల సున్నం కింద, ఆ పథకం పేరు రాసిన నీలం అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చి ఒక మరుగుదొడ్డి, ఒక ర్యాంపు కట్టింది. ర్యాంపు చివర రెండు మెట్లు కూడా కట్టింది. ఎందుకని నన్నడక్కండి.

ఆ తర్వాత మీ కాలం. 2019 నవంబరు 14న ఒంగోలులో 'మన బడి నాడు-నేడు' మొదలైంది, మొదటి విడతలో 15,715 బడులు. 2021 ఆగస్టులో రెండో విడత మొదలై అదనపు తరగతి గదులు కూడా జాబితాలోకి వచ్చాయి. ఆ జాబితాలో మీరూ ఉన్నారు. తల్లిదండ్రుల కమిటీ తీర్మానం రాసింది, ముగ్గు పోసి గోతులు తీశారు, పునాది ఫుటింగులు, వాటి మీద ప్లింత్ బీములు అయ్యాయి. మోకాలెత్తు పిల్లర్లు లేచాయి. ఆ పైన మీరు. మీ పైన ఆకాశం. బిల్లు పడలేదని పని ఆగింది. 2024లో పథకం పేరు 'మన బడి-మన భవిష్యత్తు' అయింది. మీకు కబురు అందిందో లేదో అని ఇక్కడ రాస్తున్నాను.

అన్యాయంగా మాట్లాడకూడదు. జరిగిన పనుల్లో మరుగుదొడ్లు బాగున్నాయి. కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి. పెద్ద పిల్లలు మధ్యాహ్నం అవసరానికి ఇంటికి పరిగెత్తి అటునుంచి అటే పొలాల్లోకి పోవడం ఆగింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇది చేసినవాళ్లకి ఓ దణ్ణం. నా గొడవల్లా గోడల లోపలి సంగతి.

రోడ్డు మీద ఆటో ఆపి చూస్తే మన బడి ముచ్చటేస్తుంది. టై కట్టుకుని బూట్లు వేసుకున్న ఇద్దరు పిల్లలు గోడ మీద నవ్వుతుంటారు. వాళ్ల పక్కన ఏనుగు. పెయింటరుకి చదరపు అడుగు లెక్కన కూలి కాబట్టి ఏనుగుని ఎంచుకున్నాడు, చీమని ఎంచుకోలేదు. లోపలికొస్తే జిల్లా పటం ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లిపోయింది, రాజాం మనలోకి వచ్చింది. మా గోడ మీద మాత్రం పార్వతీపురం ఇంకా మనదే. మార్చమంటే అది మళ్లీ చదరపు అడుగు లెక్కే. గడియారం బొమ్మ కూడా వేశారు, ముల్లు తిప్పి నేర్చుకోవడానికట. ఏడడుగుల ఎత్తున ఉంది. స్టూలెక్కితే గానీ నాకే అందదు.

గోడకి ఏదీ అంటించకూడదు, పెయింటు పోతుంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా సీనియరు మాస్టారొకరు ఏపీపెప్ ట్రైనింగు కబుర్లు చెప్పేవారు. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు అది. చేస్తూ నేర్చుకోవాలి, పరిసరాల్ని వాడుకోవాలి అంటూ అందులో ఆరు సూత్రాలుండేవి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించాలన్నది ఒక సూత్రం. ఆయన గదిలో గోడలు కనపడేవి కావట, అన్నీ పిల్లల కాగితాలే. ఇప్పుడు గోడ మీద నవ్వే పిల్లలు పెయింటువాళ్లు. మా పిల్లలు వేసిన బొమ్మలు బీరువాలో తాళం కింద ఉన్నాయి.

ఆకుపచ్చ బోర్డు వచ్చింది. మంచి బోర్డే. దాన్ని తూర్పు కిటికీకి సరిగ్గా ఎదురుగా బిగించారు. పొద్దున్న పదిన్నర దాకా ఆ బోర్డు మీద సూర్యుడు తప్ప ఇంకేమీ కనపడదు. ఎడమ పక్క కూర్చున్నవాళ్లు నేను రాసింది చూడలేక, నా పెదాలు చూసి రాస్తారు. బెంచీలూ వచ్చాయి. ఒకటో తరగతి గుంటడు దాని మీద కూర్చుంటే కాళ్లు గాల్లో ఉంటాయి, గడ్డం బల్లకి ఆనుతుంది. నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి గింజలు పోసి లెక్కలు చెప్పుకుందామంటే బెంచీలు జరపడానికి చోటు లేదు. గదిలో ఏం జరుగుతుందో చూసి గది బాగుచెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఒక్కసారి ఎవరైనా వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, ఒక పిరియడ్ వింటే సరిపోయేది.

సరే, మీ సంగతికొద్దాం. మీరు లేవకముందే మీ అవసరం తీరిపోయిన మాట గుర్తుందా? 2022లో జీవో 117 వచ్చి, మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూలుకి పంపేశారు. మీరు ఎవరికోసం వచ్చారో వాళ్లంతా సంచులు సర్దుకుని మీ పక్కనుంచే నడిచి వెళ్లిపోయారు. పిల్లల్లేని బడికి గదులెందుకని అడిగారు. న్యాయమే అనిపించింది. 2025లో ఆ జీవో పోయింది. మాది మోడల్ ప్రైమరీ స్కూలు అయింది. తరగతికో టీచరు! మా సర్వీసులో ఎప్పుడూ చూడని వైభోగం. పక్క పేటల నుంచి కూడా పిల్లలొచ్చారు. ఇప్పుడు అయిదు తరగతులు, అయిదుగురు టీచర్లు, రెండు గదులు. విద్యాహక్కు చట్టం 2009లోనే టీచరుకో గది ఉండాలని షెడ్యూల్లో రాసుకుంది. మీరు రెండు గదులుగా లేచినా ఇంకొకటి తక్కువే. అందుకని మీరు మరీ గర్వపడకండి.

మూడు తరగతులు వరండాలో. ఆ వరండాలో చదువు ఎలా ఉంటుందో మీరు రోజూ వింటున్నారు కాబట్టి సాక్ష్యం మీరే. మొన్న నాలుగో తరగతిలో "ఆరేడులు ఎంత?" అని అడిగాను. ముందు వరసలో పిల్ల లేచి, పూర్తి నమ్మకంతో, "విశ్వదాభిరామ" అంది. వెనకనున్న అయిదో తరగతివాళ్లు "వినుర వేమ" అని పూర్తి చేశారు. మూడో తరగతి టీచరు అప్పుడే మొక్కకి ఏం కావాలని అడిగినట్టున్నారు, ఆ పక్కనుంచి "ఎండ, నీళ్లు, గాలి" అని కేక. మూడు జవాబులూ కరెక్టే, ప్రశ్నలే చెదిరిపోయాయి.

మీరు ఊరికే నిలబడి జీతం తీసుకుంటున్నారని ఎవరైనా అంటే ఒప్పుకోను. మీరు చేస్తున్న సేవలు నా దగ్గర లెక్క ఉన్నాయి. తొమ్మిది పిల్లర్లు, పిల్లరుకి ఆరుగురు చొప్పున మీరు. ఆరో ఎక్కం మిమ్మల్ని చూపించే నేర్పాను. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు. ఒక రాత్రి మీలో ఒకరిని ఎవరో రంపంతో కోసుకుపోయారు. మర్నాడు ఒకడు వెళ్లి లెక్కపెట్టి వచ్చి, "టీచర్, ఎక్కం ప్రకారం చెప్పాలా, లెక్క ప్రకారం చెప్పాలా?" అని అడిగాడు. పని కొలతలు రాసే ఎం-బుక్కులో కూడా యాభై నాలుగే ఉంది కాబట్టి ఎక్కం ప్రకారమే చెప్పమన్నాను.

ప్లింత్ బీముల మధ్య మట్టి నింపలేదు. వానాకాలం అక్కడ నీళ్లు నిలిచి కప్పలు గుడ్లు పెట్టాయి. పాఠంలో ఉన్న కప్ప జీవితచక్రం మొత్తం, గుడ్డు నుంచి తోకకప్ప దాకా, తోకకప్పకి కాళ్లు మొలిచేదాకా, మూడో తరగతివాళ్లు కళ్లారా చూశారు. ఇన్ని కోట్ల పథకాల్లో నా పాఠానికి అచ్చంగా పనికొచ్చిన లెర్నింగ్ స్పేస్ ఇదొక్కటే. అయితే మూడో వారం ఆశా కార్యకర్త వచ్చి దోమ పిల్లలున్నాయని చెప్పి, మందు కొట్టించింది. కప్పలు పోయాయి. దోమలు ఉన్నాయి.

పని ఆగినప్పుడు మిగిలిన సిమెంటు బస్తాలు రెండు వానలకి బండలైపోయాయి. సంచులు చిరిగిపోయాక వాటి మీద అల్లిక అచ్చు దిగి ఉంది, మడతలు కూడా అలాగే ఉన్నాయి. బెంచీలందని ఒకటో తరగతివాళ్లు వాటి మీద కూర్చుంటారు. కాళ్లు నేలకి ఆనుతున్నాయి. కొలిచి చేయించినా ఇంత బాగా కుదరదు.

ఇక మా వంటమ్మ మీకు పెద్ద అభిమాని. "సువ్వలకి తాడు కట్టీసినాను మేడమ్, గుడ్డలు బేగి ఆరిపోతన్నాయి. ఆలు ఎప్పటికీ ఇలగే ఉంటే మనకేటి నష్టం?" అంటుంది. పని మొదలైన రోజు మూల పిల్లరుకి దిష్టిబొమ్మ కట్టింది కూడా ఆవిడే. దాని మీసం వానకి కారిపోయింది గానీ పని మాత్రం చేస్తోంది. ఇన్నేళ్లుగా మీ మీద ఏ ఒక్క అధికారి కన్నూ పడలేదు.

మీకు తాపీ పని చేసిన మేస్త్రీ ఈ ఊరివాడే. డబ్బు రాక, వలసెళ్లిపోయాడు. ఇప్పుడు హైదరాబాదులో ఏదో పెద్ద ప్రైవేటు బడికి నాలుగో అంతస్తు వేస్తున్నాడట. ఫోన్లో వీడియో చూపించాడు. అక్కడ గదికి రెండు వైపులా కిటికీలు, పిల్లల ఎత్తులో అట్టబోర్డు, మూల చదువుకోడానికి చాప. "మన బడిక్కూడా ఇలగే కట్టొచ్చు కదా మేడమ్" అన్నాడు. వాడి కూతురు ఇక్కడే మూడో తరగతి, వరండాలో.

భోగాపురం వైపు వెళ్లినప్పుడల్లా మీ బంధువులు కనిపిస్తారు. అక్కడి విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన అయింది. రెండుసార్లు కొబ్బరికాయ కొట్టించుకున్నవాళ్లు లేచారు. మీకు ఒక్కసారే కొట్టారు. లోపం అక్కడేమో చూసుకోండి.

అసలు కబురు ఇది. కిందటి వారం ఇంజినీరు, ఏఈ గారు వచ్చారు. మిమ్మల్ని గోరుతో గీకి చూశారు. పొరలు రాలాయి. పని ఆపేటప్పుడు సిమెంటు పాలు పూసి ఉంటే ఇంత తుప్పు పట్టేది కాదట. ఇప్పుడు వైరు బ్రష్షుతో రుద్దాలట, మరీ సన్నబడ్డవాళ్లని తీసేయాలట. కోసుకుపోయిన చోట కొత్త చువ్వ అతకాలంటే దాని మందానికి సుమారు యాభై రెట్లు ల్యాపు, అంటే పాత చువ్వా కొత్త చువ్వా పక్కపక్కన కలిసుండే పొడవు, కావాలి. పదహారు ఎం.ఎం. చువ్వకి రెండున్నర అడుగుల పైనే. మిగిలిన మొండెం అడుగున్నరే ఉంది. అందుకని ఆ పిల్లరు కొట్టేసి మళ్లీ వెయ్యాలంటున్నారు. అంటే కట్టడానికి రాని డబ్బు, పడగొట్టడానికి రావాలన్నమాట. ఈ పద్దుకైతే త్వరగానే రావచ్చు.

ఎలాగూ కొత్త ఎస్టిమేటు వేస్తున్నారు కదా అని, నేను కూడా ఒక కాగితం రాసి ఇచ్చాను. పిల్లలు కూర్చుంటే వాళ్ల ఎడమ చేతి వైపు కిటికీ రావాలి, రాసేటప్పుడు చేతి నీడ పుస్తకం మీద పడకుండా. కిటికీ అడుగు పిల్లల కంటికి అందేంత కిందికి ఉండాలి. బోర్డు చిన్నవాళ్లకి అందేలా దించాలి. రెండు గోడలకి, మూడడుగుల ఎత్తున, గుండుసూది దిగే అట్టబోర్డు పెట్టాలి. నున్నటి టైల్సు వద్దు, తడి కాళ్లతో వస్తే జారిపోతున్నారు. ఒక మూల ఖాళీగా వదలాలి, అక్కడ ఏమీ కట్టొద్దు. ఏనుగు అక్కర్లేదు.

ఏఈ గారు మంచివారు. మొత్తం చదివారు. కళ్లజోడు తీసి, "బాగా రాశారు మేడమ్, కానీ ఆ ఖాళీగా వదిలే మూల ఉంది చూడండి, అది ఏ ఐటెం కింద పెట్టాలి?" అన్నారు. రేట్ల పుస్తకం మొత్తం తిరగేశారు. ఖాళీ మూలకి రేటు లేదు. ఐటెం నంబరు కనుక్కుని చెప్పమని నాకే పని అప్పగించి వెళ్లారు.

మీరు ఎన్నో ఎస్టిమేట్లు చూసినవారు. మీకేమైనా తెలిస్తే కాస్త చెప్పండి. శుక్రవారంలోగా పంపాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: వంటమ్మ తాడు విప్పనంటోంది. కూల్చేరోజు ముందే చెబితే గుడ్డలు తీసుకుంటుందట.