అమ్మ ఒక్కపొద్దులు

క్యాన్సర్‌కు కీమో (మందులతో చేసే చికిత్స) జరిగేటప్పుడు ఉపవాసాలు వద్దని మీ వ్యాసంలో రాశారు. ఈ మాట మాకు ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మాది చిత్తూరు దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి అమ్మ శనివారంతో పాటు సోమవారం, గురువారం కూడా ఒక్కపొద్దు పట్టింది. స్వామి మొక్కు కదా, వద్దనడానికి మాకు నోరు రాలేదు. పైగా చుట్టాలొకరు పాలు, గుడ్లు, చక్కెర మానేస్తే గడ్డ మాడిపోతుందన్నారు. మాడింది గడ్డ కాదు, అమ్మ. ఐదు కిలోలు తగ్గి మంచం దిగలేకపోయింది. మూడో కీమో వాయిదా వేశారు.

అప్పుడు డైటీషియన్ లెక్క చెప్పింది: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే! ఇక రాగి జావ, పెసరపప్పు, ఉడికిన గుడ్లు, పెరుగు, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టాం. నోరు పూసినప్పుడు ఊరిబిండి (రోటి పచ్చడి) కారం లేకుండా నూరాను.

అయినా అమ్మ మనసు ఒప్పుకోలేదు. చివరికి మా ఊరి గుడి పూజారిగారే, "మందు పడే ఒళ్లు, తిను తల్లీ, స్వామి ఏమీ అనుకోడు" అన్నారు. డాక్టర్లు చెప్పినా విననిది ఆయన మాట విన్నది. తలనీలాల మొక్కు మాత్రం మొదట్లోనే తీర్చుకుంది; జుట్టు రాలక ముందే తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఇప్పుడు శనివారం గోవింద నామాలు చదువుకుని, కడుపునిండా పొంగలి తింటుంది.