సైనస్ రిథమ్‌కి ఆవిరి పట్టిన ఇల్లు

మా బావగారి గుండెకి జలుబు చేసింది. నా మాట నమ్మక్కర్లేదు, ఈసీజీ కాగితం మీద అచ్చేసి ఉంది: 'నార్మల్ సైనస్ రిథమ్'. అందులో 'నార్మల్' అన్న ముక్కని కుటుంబం ఏకగ్రీవంగా కొట్టిపారేసింది. అది అందరికీ మర్యాద కోసం వేసేదేనట. 'సైనస్' మాత్రం దొరికింది. గంటలో నీళ్లు మరిగాయి, దుప్పటి ముసుగు పడింది, బావగారి తల గిన్నె మీదికి వంగింది.

చెయ్యి ఒక్కటే దుప్పటి బయట ఉంది. దానికి స్మార్ట్‌వాచ్. పక్కన మా అక్క.

"ఎంతుందే?" లోపల్నించి గొంతు.

"తొంభై ఆరు!"

"చూశావా, పెరుగుతోంది. ఇంకో రెండు చెంబులు పొయ్యి."

"నూట ఎనిమిదండీ!"

"అమ్మో! ముసుగు సరిగ్గా కప్పు!"

ఊపిరాడని ముసుగులో, మరిగే నీళ్ల మీద, చచ్చిపోతానేమోనన్న టెన్షన్‌తో కూర్చున్న మనిషి గుండె వేగం పెరగక తగ్గుతుందా అని అడగడానికి నేనెవర్ని? ఈసీజీని మనకిచ్చిన ఐంథోవెన్ కూడా తొలిరోజుల్లో రోగుల చేతుల్నీ కాలునీ ఉప్పునీళ్లలో పెట్టించేవాడు. 1924లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. బావగారికి ఇంకా రాలేదు.

గుండెలో కుడివైపు పై గదిలో ఒక చిన్న ముడి ఉంటుంది. దాన్ని 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు కనిపెట్టారు. పేరు సైనస్ నోడ్. గుండె లయకి తాళం వేసేది అదే. సైనస్ రిథమ్ అంటే తాళం వెయ్యాల్సినవాడే వేస్తున్నాడని అర్థం. ముక్కుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇదంతా చెప్పాను. "నీకు అన్నీ తేలిగ్గానే ఉంటాయి" అంది అక్క.

మర్నాడు ఎకో, అంటే గుండె స్కానింగు, రిపోర్టు వచ్చింది. ఈఎఫ్ 60 శాతం. ఇంట్లో పరీక్షలు తప్పిన పిల్లాడున్నప్పటి నిశ్శబ్దం. "మిగతా నలభై ఎక్కడ పోయాయి?" అన్నారు బావగారు, ఎవరో దొంగిలించినట్టు మా అందరి మొహాలూ చూస్తూ. ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. సుమారు 55 నుంచి 70 దాకా ఉంటే బాగున్నట్టే. నూటికి నూరు తెచ్చుకున్న గుండె ఈ భూమ్మీద పుట్టలేదు. ట్రెడ్‌మిల్ టెస్టు నెగెటివ్ అని వచ్చినరోజు మాత్రం మా అక్క ఏడ్చేసింది. వాళ్లు వెతికిన జబ్బు దొరకలేదని దాని అర్థం. నలుగురం కలిసి ఓదార్చి చెప్తే, "దొరకలేదంటే సరిగ్గా వెతకలేదన్నమాట" అని మళ్లీ అందుకుంది.

వీళ్లని పూర్తిగా తప్పు పట్టలేను. చాలా రిపోర్టుల కింద ఒక వాక్యం ఉంటుంది, 'క్లినికల్లీ కోరిలేట్ చేసుకోవలెను' అని. మనిషిని చూసి ఈ కాగితాన్ని బేరీజు వేసుకోవయ్యా అని డాక్టరుకి చెప్పే మాట. ఆ డాక్టరుగారు కాగితాన్ని చూసినంతసేపు మా బావగారి మొహం చూడలేదు. "ఏం లేదు, వెళ్లండి" అన్నారు. ఆ 'ఏం లేదు'ని అరనిమిషం విడమర్చి ఉంటే ఆ దుప్పటి బీరువాలోనే ఉండేది.

ఇక రాత్రుళ్లు. కూర్చున్నప్పుడు గుండె వేగం నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలు, నిద్రలో అంతకన్నా తగ్గడమూ మామూలే. పైగా ఆయన వేసుకునే బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే రకం. వాచీలో 52 కనిపించగానే మా అక్క ఆయన్ని కుదిపి లేపుతుంది, బతికున్నారో లేదోనని. ఆయన ఉలిక్కిపడి లేస్తారు. 115. "ఇప్పుడు పెరిగిపోయింది!" తెల్లారేదాకా ఇదే వైకుంఠపాళి. ఒకరోజు ఆ మాత్రే మానేద్దామనుకున్నారు. అలాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురు తిరుగుతుంది. చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఆ ఇంట్లోనే అత్తయ్య ఉంటుంది, బావగారి అమ్మ. పోయిన నెల ఒక తెల్లవారుజామున దవడ లాగుతోందంది. వీపులో పట్టేసినట్టుందంది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. వీళ్లేం చేశారు? కొడుకు చేతి వాచీ విప్పి ఆవిడ చేతికి పెట్టారు. 78. "నార్మలే అమ్మా, గ్యాస్" అన్నారు. మాత్రిచ్చి పడుకోబెట్టారు. మూడు గంటలు!

78 అంటే గుండె నిమిషానికి 78 సార్లు కొట్టుకుంటోందని. అంతే! రక్తనాళం మూసుకుపోయిందో లేదో ఆ అంకెకేం తెలుసు? ఈ వాచీ గుండెపోటుని గుర్తించలేదని తయారుచేసినవాళ్లే చిన్నక్షరాల్లో రాసుకున్నారు, చదివి చావరు! ఆసుపత్రిలో పది తీగలు తగిలించి తీసిన మొదటి ఈసీజీ కూడా ఒక్కోసారి బాగానే వస్తుంది. అందుకే మళ్లీ తీస్తారు, గుండె కండ దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష గంటల తేడాతో మళ్లీ చేస్తారు. నాళం మూసుకుపోయాక గడిచే ప్రతి నిమిషం కండ చచ్చిపోతుంది, చచ్చింది మళ్లీ మొలవదు. ఛాతీ పట్టుకుని కుప్పకూలితేనే గుండెపోటని ఎవరు చెప్పారు మీకు? ఆడవాళ్లలో ఈ దవడ నొప్పి, ఈ వీపు నొప్పి, ఆయాసం మగవాళ్లకన్నా ఎక్కువ. తనకి 52 వస్తే తెల్లారేదాకా మేలుకున్న మనిషి, కన్నతల్లి చెమటలు కక్కుతుంటే అంకె చూసి పడుకున్నాడు.

అత్తయ్య బతికింది. నిన్న ఎకో తీశారు. ఈఎఫ్ 38. మిగతావి ఎక్కడ పోయాయని ఈసారి బావగారు అడగలేదు.